నేను సిక్ రాసిన చక్రం

ఖరగ్‌పూర్‌లో రైల్వేవాళ్ళుండే మా ట్రాఫిక్ కాలనీలో నా చెవికి పెద్ద పేరుండేది. ముప్ఫై నాలుగేళ్ళు నిమ్‌పురా యార్డులో సుత్తి పట్టుకుని గూడ్సు బళ్ళ పక్కన నడిచినవాణ్ణి. చక్రాన్ని సుత్తితో కొడితే ఠంగుమని మోగాలి, ఆ మోత కాసేపు సాగాలి. సాగితే చక్రం మంచిది. ఠప్పుమని ఆగిపోయిందంటే ఎక్కడో పగులున్నట్టే. అప్పుడు వ్యాగన్ మీద సుద్దతో సిక్ అని రాస్తాం. దాన్ని బండి నుంచి విడదీసి రిపేరుకని సిక్ లైనుకి తోలుతారు. నేను సిక్ అంటే ఇక తిరుగులేదు.

సర్వీసు ఆఖరి ఏడాదిలో మరీ ఎక్కువ రాసినాను. అంత కచ్చితమైన మనిషి లేడని అందరూ అంటుంటే లోపల్లోపల పొంగిపోయేవాణ్ణి. నాతో పనిచేసే తమ్ముడొకడు, నాకంటే పదిహేనేళ్ళు చిన్న, మా శ్రీకాకుళం వైపు వాడే, ఒకరోజు నేను సిక్ రాసిన చక్రాన్ని మళ్ళీ కొట్టి చూసి, "అన్నా, ఇది బాగానే మోగతంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "సెవిటి యెదవా, నాకే నేర్పతావేట్రా?" అని గ్యాంగందరి ముందూ కేకలేసినాను. వాడు తల దించుకుని వెళ్ళిపోయినాడు. ఆ తరవాత నాతో పనికి మించి మాట్లాడలేదు.

రిటైరయినా ఆ పేరు నన్ను వదల్లేదు. కొత్తగా చేరినవాళ్ళకి సుత్తి పని నేర్పాలి, వచ్చే నెల నుంచి రమ్మని ఆఫీసు నుంచి కబురొచ్చింది. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. మా ఆవిడ మాత్రం "ముందు సెవి సూపించుకోండి" అని ఒకటే గోల. మా టీవీ పక్కింటివాళ్ళు కూడా వింటున్నారట. "నా సెవికేటే? నీ గొంతే తగ్గిపోయింది" అని కసిరినాను.

ఆ పనిలో చేరేలోపు యూరప్ చూసొద్దామని బయల్దేరినాం. మా ఊళ్ళోనే ఇందా అనే పేటలో టూర్లు నడిపే బెంగాలీ దాదా ఒకాయన రిటైరైన రైల్వేవాళ్ళని పోగుచేసి తీసుకెళ్ళినాడు. జర్మనీలో అన్ని దేశాల రైళ్ళూ, రైలు సామానూ పెట్టిన ప్రదర్శన ఒకటి జరుగుతోందని తెలిసి, అక్కడికి పోవాల్సిందేనని మగవాళ్ళం పట్టుబట్టినాం. "ఇంత దూరం వచ్చి కూడా రైళ్ళేనా!" అని ఆడవాళ్ళు నెత్తి కొట్టుకున్నారు.

ఓరి నాయనో, అదెంత పెద్దదని! హాలు దాటితే ఇంకో హాలు. బయట పట్టాల మీద కొత్త రైళ్ళు, ఒక్కదానికి గ్రీజు మరక లేదు. ఒక బోగీలో కూర్చుని మా ఆవిడ సంచీలోంచి మరమరాలు తీసేసరికి, తినకూడదని సైగ చేసి దింపేసినారు.

మధ్యాహ్నానికి ఒక కంపెనీ స్టాలు దగ్గరికి చేరినాం. చక్రాల్ని కెమెరాలతో పరీక్షించే యంత్రం వాళ్ళది. పాతరోజుల్లో ఈ పని ఎలా చేసేవారో చూపించడానికి ముందు రెండు చక్రాలూ, ఒక సుత్తీ పెట్టినారు. ఒకటి మంచిది, ఒకటి పగిలింది. కొట్టి చూసి మంచిదేదో చెప్పాలి, అదీ ఆట. నేను బతుకంతా చేసిన పని వీళ్ళకి ఆటా అనుకున్నాను. మావాళ్ళు ఊరుకుంటారా? "గురూ, మన ఖరగ్‌పూర్ సంగతి చూపించు" అని ముందుకి తోసినారు.

మొదటి చక్రాన్ని కొట్టినాను. ఠప్. రెండోదాన్ని కొట్టినాను. అదీ ఠప్పే. వంగి, చెవి దగ్గరగా పెట్టి మళ్ళీ కొట్టినాను. "బోత్ క్రాక్" అని చెప్పినాను. స్టాలులో ఉన్న పిల్ల నవ్వుతూ, కాదని తలూపింది.

"ఏటి కాదంటావు? మంచి చక్రమొకటి తెచ్చి పెట్టడం కూడా రాదేటి మీకు?" అని తెలుగులోనే దులిపేసినాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

అప్పుడు మా ఆవిడ నా చేతిలో సుత్తి తీసుకుంది. పుట్టి బుద్ధెరిగి ఆవిడ చక్రం కొట్టింది లేదు. రెండూ కొట్టింది. నా వైపు చూడకుండా, మెల్లగా చెప్పింది. "రెండోది మంచిదండీ. గుడి గంటలాగ మోగతంది. ఇంకా మోగతానే ఉంది."

నాకేమీ మోగడం లేదు. సుత్తి దెబ్బ వినబడింది, అంతే. చుట్టూ చూస్తే మావాళ్ళందరి మొహాల్లోనూ వాళ్ళకి ఆ మోత వినబడుతున్నట్టే ఉంది. ఆవిడ చేత మళ్ళీ కొట్టించి, చక్రం మీద అరచెయ్యి వేసినాను. ఇనుము సన్నగా వణుకుతోంది. చేతికి తెలుస్తోంది గానీ చెవికి తెలియడం లేదు. నాకు భయమేసింది. ఆ పిల్లకి సారీ చెప్పి బయటికొచ్చేసినాను.

తిరిగొచ్చేదాకా నా కళ్ళ ముందు సుద్ద రాతలే. ఆఖరి ఏడాదంతా ఎన్ని మంచి వ్యాగన్లని సిక్ లైనుకి తోలించినానో! అది కచ్చితం కాదు, చెవుడు. సిగ్గుతో చచ్చిపోయినాను.

ఊరు చేరిన మర్నాడు ఆఫీసుకెళ్ళి, నేర్పే పని నాకొద్దని చెప్పి, ఆ తమ్ముడి పేరు చెప్పినాను. అటునుంచటే యార్డుకి పోయినాను. వాడు సుత్తి పట్టుకుని ఒక బండి పక్కన ఉన్నాడు.

"తమ్ముడూ, ఆవేళ ఆ చక్రం మంచిదేరా. నువ్వు సెప్పిందే నిజం. సెవుడు నాది" అన్నాను.

వాడు సుత్తి కిందికి దించి ఏదో అన్నాడు. పక్క లైనులో గూడ్సు పోతోంది. ఇదివరకైతే అర్థమైనట్టు తలూపేసేవాణ్ణి. ఎన్నేళ్ళుగానో అలాగే ఊపుతున్నాను.

"ఇనబడ్నేదురా. గట్టిగా సెప్పు" అన్నాను.

వాడు దగ్గరికొచ్చి, నా చెవి పక్కకి వంగి గట్టిగా చెప్పినాడు.

"నాకప్పుడే తెలుసన్నా. అందరి ముందూ అనలేక ఊరుకున్నాను."