జేబులు కుట్టని మౌలాలీ మామ

మా మాచర్లలో దర్జీ మౌలాలీ మామ కుట్టిన చొక్కాకు అన్నీ ఉండేవి, జేబు తప్ప. కాలరు మెడకు కొలిచి పోసినట్టు ఉండేది. కాజాలు చూస్తే మిషనుకే సిగ్గేసేది. ఎడమవైపు గుండె మీద మాత్రం ఉత్త మైదానం. ఎనభై మూడు దసరా నుంచి ఎనభై ఆరు దసరా దాకా, అచ్చంగా మూడేళ్లు, ఆయన కొట్లోంచి ఒక్క జేబు కూడా బయటికి రాలేదు.

"మామా, జేబేది?"

"గుడ్డ చాల్లేదు."

"రెండున్నర మీటర్లు ఇచ్చాను గదా!"

"నువ్వు లావెక్కావుగా."

మరుసటిసారి ఆ అడిగినవాడు పట్టుదలగా మూడు మీటర్లు తెచ్చేవాడు. అప్పుడు మామ కత్తెర పక్కన పెట్టి, "బొంబాయిలో ఇప్పుడు ఎవురూ జేబులు పెట్టిచ్చుకోటల్లేదంట," అనేవాడు. ఆయన జన్మలో చూసిన అతి దూరపు ఊరు గుంటూరు. అది కూడా దారి మధ్యలో దిగాల్సినవాడు రైల్లో నిద్రపోవడం వల్ల.

ఇంత జరుగుతున్నా ఊరు ఆయన్ని ఎందుకు వదల్లేదని మీరు అడగవచ్చు. బస్టాండు దగ్గర ఇంకో దర్జీ ఉండేవాడు. జేబులు బ్రహ్మాండంగా కుట్టేవాడు. వాటి చుట్టూ ఉండే చొక్కాతోనే వచ్చేది చిక్కు.

దాంతో ఊరు తిప్పలు పడింది. హైస్కూలు ఇన్నయ్య మాస్టారు పెన్ను చెవి మీద పెట్టుకోవడం మొదలుపెట్టారు. తనిఖీకి వచ్చిన అధికారి ఆయన్ని చూసి, వడ్రంగి అనుకుని, "ఆ బల్ల కాలు ఊగుతోంది, ముందు దాని సంగతి చూడు" అన్నాడు. మాస్టారు మర్యాదస్తుడు. మేకు కొట్టేసిన తర్వాతే తానెవరో చెప్పారు. మిరపకాయల వ్యాపారి ఆదినారాయణగారు కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని, దానికోసం రోజుకు నాలుగుసార్లు గోతాల మధ్య దేవులాడేవారు.

"ఈడు ఊరి జేబులన్నీ మింగుతున్నాడయ్యా," అనేవారు ఆదినారాయణగారు. "చొక్కాకు జానెడు గుడ్డ. లెక్కేసుకోండి. ఆ గుడ్డంతా ఏమైనట్టు?"

ఇక నా సంగతి. నా పేరు మస్తాన్‌రావు. పందొమ్మిదో ఏట నాకు మెడ కింద గడ్డలు లేచాయి. కేన్సరన్నారు. మద్రాసు ఆసుపత్రిలో ఎనిమిది నెలలు ఉన్నాను. మందు ఎక్కించారు, ఛాతీకి రేడియేషను కరెంటు పెట్టారు. రోగం పోయింది. దాంతోపాటు పద్నాలుగు కిలోల బరువూ, తల మీది జుట్టంతా పోయాయి. ఎనభై మూడు ఎండాకాలంలో మాచర్ల స్టేషన్లో దిగితే, తెలియనివాళ్లు "తిరపతి నించేనా?" అని అడిగారు. తెలిసినవాళ్లు ఏమీ అడగలేదు. జాలిగా చూసి పక్కకు తప్పుకున్నారు.

పంపించేటప్పుడు డాక్టరమ్మ చెవినిల్లు కట్టుకుని చెప్పింది: "కరెంటు పెట్టిన ఊపిరితిత్తులు నీవి. సిగరెట్టు ముట్టుకున్నావో, మా శ్రమంతా నీళ్లపాలు." నేను బుద్ధిగా తలూపాను. ఊరొచ్చిన నెలకే మొదలుపెట్టాను.

తెలివితక్కువ పనే, కాదనను. కానీ ఇంట్లో మా అమ్మ సుశీల నన్ను మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తనిచ్చేది కాదు. వీధిలో నేను వస్తుంటే మాటలు ఆగిపోయేవి. రైల్వే గూడ్సు షెడ్డు వెనక చేరే నా ఈడు కుర్రాళ్లు మాత్రం ఒంట్లో ఎలా ఉందని అడగలేదు, "ఇంద, కాల్చు" అన్నారు. ఆ ఒక్క మాటకు నేను మళ్లీ మామూలు మనిషినైపోయాను. రెండు నెలలు తిరిగేసరికి రోజుకు పది సిగరెట్ల పెట్టె.

ఆ దసరాకు మామ కుట్టిన కొత్త చొక్కా వేసుకుంటే దానికి జేబు లేదు. బిగుతు చెయ్యమని ఇచ్చిన పాత చొక్కాలు కూడా జేబులు లేకుండానే తిరిగొచ్చాయి. ప్యాంటు జేబులు చూస్తే రెండు వేళ్ల లోతు. అందులో పెట్టె దూరిస్తే సగం బయటికి తొంగిచూసేది, కూర్చుంటే నలిగిపోయేది. చేత్తో పట్టుకుని తిరిగితే మా నాన్న ఉన్నాడు. చేసేది లేక మీరా సాహెబ్ బడ్డీకొట్టుకు ప్రతి సిగరెట్టుకూ విడిగా నడవాల్సి వచ్చింది. ఆ ఎండకు రోజుకు పది కాస్తా ఆరయ్యాయి.

"నాకొక్కడికన్నా జేబు పెట్టు మామా," అని బతిమాలాను.

"నీ ఒక్కడికి పెడితే ఆదినారాయణ ఊరుకుంటాడా అల్లుడూ?" అన్నాడు మామ, దారం కొరుకుతూ.

పైగా ఆయనకు ఇంకో పిచ్చి పట్టింది. గుడ్డ ఇచ్చినా ఇవ్వకపోయినా నెలకోసారి నన్ను పిలిచి ఛాతీ కొలిచేవాడు. "గట్టిగా గాలి పీల్చు అల్లుడూ." పీలిస్తే సగంలోనే దగ్గు తన్నుకొచ్చేది, టేపు జారిపోయేది. "మళ్లీ పీల్చు." మళ్లీ దగ్గు. ఆయన ముఖం ముడుచుకుని కొలతల పుస్తకంలో ఏదో రాసుకునేవాడు. వయసు పైబడి చాదస్తం వచ్చిందనుకున్నాను.

ఎనభై అయిదు రంజాను ముందు ఆదినారాయణగారి ఓర్పు నశించింది. ఇన్నయ్య మాస్టారినీ, ఇంకో పదిమందినీ వెంటేసుకుని కొట్టు మీదికొచ్చారు. తమాషా చూద్దామని నేనూ దూరాను.

"మౌలాలీ, ఇయ్యాల తేలాల్సిందే. మా జేబుల గుడ్డ ఏం జేశావు?"

"ఏం జెయ్యలా అయ్యా."

"అయితే ఆ అటక మీద రేకుపెట్టె దించు!"

మామ కదల్లేదు. ఆయన భార్య హజ్రా బీ లోపలి నుంచి వచ్చి, స్టూలెక్కి, పెట్టె దించి, అందరి ముందూ మూత తెరిచింది. దాన్నిండా జేబులే. కత్తిరించి, అంచులు మడిచి, ఇస్త్రీ చేసి, ఒక్కోదానికీ గుండుసూదితో పేరు చీటీ గుచ్చి ఉంది. 'ఇన్నయ్య మాస్టారు, తెలుపు.' 'ఆదినారాయణ గారు, గళ్లు.' ఆదినారాయణగారివే తొమ్మిది ఉన్నాయి. ఒక్క జానెడు గుడ్డ కూడా ఎక్కడికీ పోలేదు.

"మరి కుట్టి చావవేందయ్యా?" అన్నారు ఆదినారాయణగారు, నోరు తెరిచి.

మామ నేల చూపులు చూశాడు. హజ్రా బీ నా వైపు చూసింది.

"నేను జెప్తా. ఈ పిల్లోడు చిక్కిపోయాడని వాళ్లమ్మ పాత చొక్కాలు బిగుతు చెయ్యమని పంపిచ్చింది. జేబు తిరగేస్తే అడుగున సిగరెట్టు పొడి. ఆ పూట ఈ మనిషి అన్నం ముట్టలా. నాన్నకు జెబితే కొడతాడు, అమ్మకు జెబితే ఏడ్చిద్ది అన్నాడు. జేబు తీసేస్తే సిగరెట్టు పెట్టె యాడ పెడతాడో చూద్దాం అన్నాడు. ఈడొక్కడికే తీసేస్తే, అదిగో రోగపోడి చొక్కా అని ఊరంతా చూపిచ్చిద్దంట. అందుకని ఊరందరికీ తీసేశాడు."

భూమి చీలితే దూరిపోదామనిపించింది నాకు. సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. మూడొందల జేబులు నా ఒక్కడి కోసం పెట్టెలో పడుకున్నాయి.

ఇన్నయ్య మాస్టారు చెవి మీది పెన్ను తీసి, ఒకసారి చూసి, మళ్లీ చెవి మీదే పెట్టుకున్నారు. "ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉండనీలే," అన్నారు.

ఆదినారాయణగారు నెత్తి మీది కళ్లజోడు సర్దుకుని నా మీదికి తిరిగారు. "ఒరేయ్ మస్తానూ! నా జేబులు తొమ్మిదున్నయ్ అందులో. నువ్వు మానిందాకా ఉండనీ. కాకపోతే తొందరగా మానరా నాయనా, ఈ కళ్లజోడుతో చస్తన్నా!"

అంతే, నా బతుకు బజారున పడింది. మీరా సాహెబ్ బడ్డీకొట్లో సిగరెట్టు అడిగితే, "నా చొక్కాకు గూడా జేబు లేదబ్బాయ్, ముందు నా సంగతి చూడు," అని సోంపు పొట్లం చేతిలో పెట్టేవాడు. గూడ్సు షెడ్డు మిత్రులే, "ఇటు రామాకరా, మా జేబులు రావు," అని తరిమేశారు. ఇప్పుడు వీధిలో నన్ను చూస్తే ఎవరి మాటలూ ఆగేవి కావు. అరుగు మీంచి అరిచి అడిగేవారు: "ఎన్ని రోజులైందిరా?"

మొదటిసారి పదకొండు రోజులు ఆపాను. పన్నెండో రోజు కారంపూడి వెళ్లి కాల్చి వచ్చాను. రెండోసారి నలభై రోజులు. తప్పిన రెండుసార్లూ మామ కోప్పడలేదు. "రేపు మళ్లీ మొదలెడదాంలే అల్లుడూ," అని టేపు మెడలో వేసుకున్నాడు. ఆ 'మొదలెడదాం' అనే మాట విని, ఆయన కూడా నాతో మానేస్తున్నట్టే అనిపించేది. పాపం, ఆయన జన్మలో కాల్చలేదు. మూడోసారి నిలబడ్డాను.

ఎనభై ఆరు దసరాకు వారం ముందు మామ టేపు చుట్టాడు. "పీల్చు అల్లుడూ." పీల్చాను. ఛాతీ పెరుగుతూనే ఉంది, దగ్గు రాలేదు. టేపు ముప్పై ఆరు అంగుళాల దగ్గర ఆగింది. మామ ఆ అంకెను కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశాడు.

"హజ్రా! రేకుపెట్టె దించు!" ఆ కేక రైల్వేస్టేషను దాకా వినపడిందంటారు.

మూడు రోజులు మిషను ఆగలేదు. జనం పాత చొక్కాలు చేతపట్టుకుని వరసలో నిలబడ్డారు. చొక్కాలేమో మూడేళ్లు ఉతికి వెలిసిపోయాయి, జేబులేమో నిన్న కొన్నట్టున్నాయి. లేతనీలం చొక్కా మీద ముదురునీలం జేబుతో ఊరు ఊరంతా తిరుగుతుంటే, రైలు దిగిన కొత్తవాళ్లు ఏదో పార్టీ గుర్తనుకున్నారు. ఆదినారాయణగారికి పాత చొక్కాల్లో ఆరు బొజ్జ మీద మూతపడటం లేదు. అయినా తొమ్మిదింటికీ పట్టుబట్టి జేబులు కుట్టించారు.

నా చొక్కా అందరికంటే ఆఖరున ఇచ్చాడు మామ. ఆత్రంగా జేబులో చెయ్యి పెట్టాను. వెళ్లలేదు. నిలువునా పొడుగ్గా, రెండు వేళ్ల వెడల్పుతో ఉంది.

"ఇదేంది మామా? ఇంకా నమ్మకం కుదరలా?"

"ఛ, అదేం మాట! దానికి కొలత తీసుకునే కుట్టా."

ఆయన మిషను సొరుగు తీసి, కొత్త దువ్వెన ఒకటి నా జేబులోకి జార్చాడు. సరిగ్గా పట్టింది. తర్వాత మెడలోని టేపు తీసి, ఒత్తుగా పెరిగిన నా క్రాపు మీద పెట్టి, ఎంత పొడుగుందో కొలిచి, నవ్వుకుంటూ పుస్తకంలో రాసుకున్నాడు.