ఆర్చా పొగ వేసే సైరకాన్

బిష్కెక్ ఊరి చివరి వీధుల్లో ఏ బాలింతకి దిష్టి తగిలినా, ఏ పసివాడికి జలుబు పట్టినా సైరకాన్‌కే కబురు వెళ్ళేది. ఆవిడ ఆర్చా అనే కొండచెట్టు ఎండుకొమ్మల్ని ఇనప మూకుట్లో రాజేసి, ఇల్లంతా మూలమూలా పొగ తిప్పి, "గాలి శుభ్రపడిందిలే, ఇక హాయిగా పడుకోండి" అని చెప్పి, టీ తాగి వచ్చేది. నలభయ్యేళ్ళుగా అదే పేరు. అంత పేరున్న మనిషికి ఎదురు చెప్పే దమ్ము ఎవరికుంటుంది? కోడలు మీర్గుల్‌కి ఉంది. ముసలమ్మకి ఒళ్ళుమంట అక్కడే.

మనవరాలు ఐచురోక్ పుట్టిన చలికాలం ఇంట్లో బొగ్గు పొయ్యి ఆరకుండా మండుతోంది. కిటికీ సందులకి సైరకాన్ తన చేత్తోనే పిండిజిగురు పూసి కాగితాలు అంటించింది. పిల్లకి ఆయాసం పట్టుకుంది, గుండెల్లో ఒకటే పిల్లికూతలు. దానికి విరుగుడుగా పొద్దున్నోసారి, సాయంత్రమోసారి పొగ వేసింది మహాతల్లి!

"అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క రెక్క తెరవనివ్వండి. ఇంట్లోకి గాలి రానివ్వమని డాక్టరమ్మ కూడా చెప్పింది."

"ఆ డాక్టరమ్మ ఎంతమందిని కందేమిటి? బయటి గాలికి పిల్ల బిగుసుకుపోతుంది. నా కొడుకుని ఈ పొగలోనే పెంచాను. వాడు దున్నపోతులా లేడూ?"

ఆ దున్నపోతు, ఎల్దార్, తల వంచుకుని టీ ఊదుకుంటున్నాడు. దేవుడు వాడికి నోరిచ్చింది తినడానికే.

మీర్గుల్ మళ్ళీ అడగలేదు. కాగితాలు చింపి కిటికీ తెరిచింది. ముసలమ్మ ఆ చేతి మీద కాలే మూకుడు ఆనించింది. కావాలని కాదని ఇప్పటికీ అంటుంది, నమ్మేవాళ్ళు నమ్మండి. కోడలు చెయ్యి వెనక్కి లాక్కుంది. పిల్లని దుప్పట్లో చుట్టుకుని మంచులో నడిచి వెళ్ళిపోయింది. మూడో రోజున ఎల్దార్ కూడా ఆమె వెనకే పోయాడు.

ఊరి నడిబొడ్డున, పొయ్యికి బదులు వేడినీళ్ళ గొట్టాలున్న అద్దె గదిలో నెల తిరిగేసరికి పిల్ల ఆయాసం తగ్గిపోయింది. సైరకాన్ ఆ మాట నమ్మలేదు. మూడేళ్ళు బెట్టు చేసింది. ఆ తర్వాత ఇక మనసు ఊరుకోలేదు. మనవరాలిని ఒక్కసారి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, అంతే. మూకుడు చెత్తలో పారేసింది. స్నానాలశాలకి వెళ్ళి మూడుసార్లు ఒళ్ళు రుద్దించుకుంది. కొత్త గౌను వేసుకుని, కొత్త తలగుడ్డ చుట్టుకుని, నూనెలో వేయించిన బోర్సోకులు మూటగట్టుకుని వెళ్ళింది.

మీర్గుల్ తలుపు బెత్తెడు తెరిచింది.

"పొగ వాసన, అత్తయ్యా. పిల్లకి పడదు."

"ఎక్కడే తల్లీ పొగ! కావాలంటే వాసన చూడు, సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఆ మూకుడు కూడా పారేశానే!"

మీర్గుల్ నిజంగానే వంగింది. ముసలమ్మ మెడ దగ్గర, తలగుడ్డ దగ్గర నింపాదిగా వాసన చూసింది.

"అవును, లేదు" అంది. "అయినా మిమ్మల్ని రానివ్వను."

లోపల్నించి పిల్ల గొంతు వినబడింది. "ఎవరమ్మా?"

"ఎవరూ లేరు బంగారూ. గాలికి తలుపు తెరుచుకుంది" అంటూ మీర్గుల్ తలుపేసి గడియ పెట్టింది.