పెద్దబాపు కొట్టని డప్పు

పెద్దబాపు పోయాడని సిరిసిల్ల నుంచి అక్క ఫోన్ చేసింది. అక్క అంటే ఆయన బిడ్డే. "పొద్దుగాల లేచిండు, మొకం కడుక్కున్నడు, కూసున్నకాడనె ఒరిగిండు, గంతే" అంది. నేను క్లాసులో ఉన్నాను. రక్షణ అంటే ఏమిటో క్రైస్తవ వేదాంత విద్యార్థులకు చెబుతున్నాను. వాళ్లను పంపించేసి బస్సెక్కాను. దారి పొడవునా ఏడుపు రాలేదు. సిరిసిల్లలో దిగి, ఎక్కడికి పోవాలో ఆటో అతనికి చెప్పబోతూ ఏడ్చేశాను.

ఆయన మా నాన్నకు అన్న. జగిత్యాలలో ఒక బడిలో అటెండరు. ఆదివారం మాత్రం కోరుట్లలో మా చర్చికి పాటల పెద్ద. మొదటి బస్సుకే వచ్చి, హార్మోనియం మీది దుమ్మును భుజం మీది తువ్వాలతో తుడిచేవాడు. ఇంకెవరైనా తుడిచి ఉంచితే మళ్లీ తుడిచేవాడు. పాడేవాళ్లు గొంతు చించుకుంటే ఆపేసి, "దేవునికి చెవుడు లేదు, మెల్లగ పాడుండ్రి" అనేవాడు. ఎవరైనా ప్రార్థన సాగదీస్తుంటే నా వైపు వంగి, "ఈయిన దేశంల సంగతులన్ని దేవునికి చెప్పిందాక ఇడువడు" అని గొణిగేవాడు. నేను నవ్వాపుకోలేక అమ్మతో గిచ్చించుకునేదాన్ని. నాకు పాట వచ్చిందంటే ఆయన వల్లే. శ్రుతి తప్పితే తిట్టేవాడు కాదు. నేను అందుకోవాల్సిన మెట్టును నొక్కి పట్టుకుని నా వంక చూసేవాడు. అందుకునేదాకా వేలు తీసేవాడు కాదు.

వేదాంతం చదువుతానంటే ఇంట్లో అందరూ వద్దన్నారు. ఆడపిల్ల పాస్టరు అయ్యేది ఉందా అన్నారు. ఆయన ఒక్కడే, "సదువనియ్యుండ్రి. పాడేకాడ ఆడ మొగ లేకపాయె, చెప్పేకాడ ఎందుకు?" అన్నాడు. ఆ మాట మీదే నన్ను హైదరాబాదు పంపించారు. ఆయన నాకు చేసిన మేలు అది. నేను ఆయనకు చేసింది కూడా చెప్పాలి. చెప్పకుండా ఆయనను మెచ్చుకుంటూ కూర్చుంటే అది దొంగ స్మృతి అవుతుంది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. కాలేజీ మూతపడితే ఇంటికి వచ్చాను. కోరుట్లలో రోడ్డు పక్కన దీక్షా శిబిరం వేశారు. రోజుకో కులం వాళ్లు, రోజుకో సంఘం వాళ్లు వచ్చి కూర్చునేవారు. మంగలివాళ్లు రోడ్డు మీదే గడ్డాలు గీశారు. సాలెవాళ్లు మగ్గం తెచ్చి పెట్టారు. ముస్లింలు టెంటు కిందే నమాజు చేసుకుని కూర్చున్నారు. ఇక మా చర్చి వంతు. మనం ఏం తీసుకుపోదామని పాస్టరయ్యగారు అడిగితే, అందరికంటే ముందు లేచి "డప్పు" అన్నాను.

అప్పట్లో నేను రాస్తున్న సెమినార్ పత్రం దాని మీదే. దేవుడు అణగారినవాళ్ల పక్షం, డప్పు అణగారినవాళ్ల గొంతు, కాబట్టి డప్పు చర్చిలోకి రావాలి. ఎంతో తేలికగా తేల్చేశాను. మా ప్రొఫెసరు భుజం తట్టారు. డప్పు గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను గాని, దాన్ని కొట్టిన మనిషి మా కుటుంబంలోనే ఉంటే ఒక్క మాట అడగలేదు.

ఆ సంగతి తెలిసి సాయంత్రం పెద్దబాపు మా ఇంటికి వచ్చాడు. "మా బాపు బాప్తిస్మం తీసుకున్ననాడు డప్పు పొయిల పెట్టిండు బిడ్డా. నీకెర్కనా?" అన్నాడు. ఆయన బాపు అంటే మా తాత.

"వెట్టి వేరు, డప్పు వేరు పెద్దబాపూ. మనది మనం మళ్ల తెచ్చుకోవాలె."

"పీనుగ లేస్తె పిలుపు. దొర ఇంట్ల లగ్గమైతె పిలుపు. జరమొచ్చినా పోవుడే. బాపు ఎంట నేను గూడ కొట్టిన, పన్నెండేండ్లు అచ్చేదాంక. నువ్వు సూడలే."

"చూడకున్నా చదివిన" అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు శిబిరంలో మైకు నా చేతికే వచ్చింది. "ఇప్పుడు మా పెద్దబాపు డప్పు కొడుతడు" అని చెప్పేశాను. ఆయనకు ఇష్టం లేదని నాకు తెలుసు. అంతమంది ముందు కాదనలేడని కూడా తెలుసు. ఈ రోజుకీ నన్ను కాల్చేది ఆ రెండోదే. జనం చప్పట్లు కొట్టారు. వేదిక మీద మా సొంతూరి దొర మనుమడు కూర్చుని ఉన్నాడు. ఉద్యమంలో ముందుండే మనిషి, దెబ్బలు తిన్నవాడు, చెడ్డవాడేం కాదు. హుషారుగా, "కొట్టురా, దద్దరిల్లాలె" అన్నాడు. ఆయనకు అప్పటికి నలభై ఏళ్లు లేవు. పెద్దబాపుకు అరవై దగ్గర పడుతున్నాయి.

పెద్దబాపు లేచి డప్పు అందుకున్నాడు. రెండు చేతులా పట్టుకుని వేదిక దాకా నడిచి, దాన్ని దొర మనుమడికి అందించాడు.

"మీరు కొట్టుండ్రి దొరా, మేం పాడుతం."

దొర మనుమడు నవ్వబోయి ఆగిపోయాడు. డప్పు తీసుకున్నాడు గాని ఎటు పట్టుకోవాలో తెలియలేదు. కాసేపు చంకలో పెట్టుకున్నాడు, కాసేపు ఒళ్లో పెట్టుకున్నాడు. చివరికి పుల్లతో నాలుగు దెబ్బలు వేశాడు. తాళం కుదరలేదు. పెద్దబాపు ఆ కుదరని తాళానికే ఆగి ఆగి, ఓపిగ్గా, కీర్తన బాణీలో తాను కట్టుకొచ్చిన తెలంగాణ పాట పాడాడు. మా వాళ్లు అందుకున్నారు. నేను నోరు తెరవలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో ఆయన పక్కనే ఇరుక్కుని కూర్చున్నాను. తిడతాడనుకున్నాను. "తెలంగాణ రావాలె బిడ్డా, తప్పకుంట రావాలె" అన్నాడు. కొంత దూరం పోయాక, "వచ్చినంక ఎవలు కొట్టాలె, ఎవలు కూసోవాలె, గది గూడ తేలాలె" అన్నాడు. నా పత్రం మొత్తంలో ఆ ప్రశ్న లేదు. సెలవుల్లో కూర్చుని మొదటి నుంచి తిరగరాశాను. మార్కులు తక్కువే వచ్చాయి.

రాష్ట్రం వచ్చింది. ఆయన రిటైరై సిరిసిల్లలో అక్క దగ్గర చేరాడు. పండుగలకు పోయేదాన్ని, పాటల గురించి మాట్లాడుకునేవాళ్లం. శిబిరం సంగతి మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. క్షమించమని అడగాలని ప్రతిసారీ అనుకుని వెళ్లి, ఊసుపోక మాటలు చెప్పి తిరిగి వచ్చేదాన్ని. ఆదివారాలు ఇంతమందికి పశ్చాత్తాపం గురించి బోధిస్తాను. ఆ ఒక్క మనిషి ముందు నాకు మాట వచ్చేది కాదు.

పోయిన నెల వెళ్లినప్పుడు ఇక ఉండబట్టలేకపోయాను. ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పక్క షెడ్డులో మరమగ్గాలు నడుస్తున్నాయి. "పెద్దబాపూ, అప్పుడు శిబిరంల నేను..." అన్నాను. మిగతాది రాలేదు. ఆయన చెయ్యెత్తి, విను అన్నట్టు సైగ చేశాడు. తర్వాత రెండు చేతులూ మంచం పట్టె మీద పెట్టాడు. వేళ్లు ఆడడం మొదలైంది. ఎడమ చెయ్యి సన్నగా, కుడి చెయ్యి బరువుగా. అది మగ్గాల చప్పుడు కాదు. డప్పు దెబ్బ. నేను పత్రంలో గీతలు గీసి వివరించాను గాని, ఆయన చేతుల్లో వినడం అదే మొదలు.

"మంచిగున్నది గదా" అన్నాడు. "ఎవలు పిలువకుంట కొడితె గిట్లుంటది బిడ్డా."

నన్ను మన్నించాడని అప్పుడు తెలిసింది. ఏడ్చాను. ఆయన నా చెయ్యి తీసుకుని పట్టె మీద ఆనించి పెట్టి, మళ్లీ అందుకున్నాడు. కట్టెలోంచి ఆ దెబ్బ నా అరచేతికి తగులుతోంది. అక్క వచ్చి, అన్నం చల్లారుతోంది లేవండి అంది. ఆయన ఆపలేదు.