నేను తీసేసిన నాలుగు లైన్లు

మా అమ్మకు డెబ్బై ఒకటో ఏట మతిమరుపు మొదలైంది. ముందు వారాలు మరిచిపోయింది, తర్వాత నెలలు, చివరకు నన్నూ మా చెల్లెల్నీ. నాకిప్పుడు డెబ్బై ఏళ్ల తొమ్మిది నెలలు. ఖమ్మం పాలిటెక్నిక్‌లో లెక్చరర్‌గా రిటైరై, బూర్గంపాడులో చెల్లెలి ఇంటికి వచ్చిన రోజు నుంచి రెండు పనులు మానలేదు. ఒకటి, ఏ రోజు ఏం చేశానో నోటుబుక్కులో రాయడం. రెండోది, కంటైనర్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు దిద్దడం.

కంటైనర్ అంటే బ్రహ్మవిద్య కాదు. ఒక ప్రోగ్రామునూ దానికి కావలసిన సరంజామానూ ఒకే మూటగా కట్టి, ఏ కంప్యూటర్ మీద విప్పినా ఒకేలా నడిచేట్టు చేయడం. ఆ మూటలను నడిపే, ఆపే సాఫ్ట్‌వేర్ అది. ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. దిద్దినదాన్ని అసలులో కలిపే హక్కు మాత్రం తొమ్మిది మందికే ఉండేది. అందులో తొమ్మిదో మనిషిని నేను. గొప్ప పనులేవీ చేయలేదు. మూయడం మరిచిన ఫైళ్లు మూసేదాన్ని. ఎవరూ వాడని ఫంక్షన్లు తీసేదాన్ని. వాకిలి ఊడ్చడం లాంటి పని. కానీ నా బుర్ర ఇంకా నా చేతిలోనే ఉందనడానికి నాకున్న రుజువు అదొక్కటే.

అమ్మను రోజూ పొద్దున ఏ వారమని అడిగేవాళ్లం. చెల్లెలు ఎగతాళికి నన్నూ అడిగేది.

"అక్కా, ఇయ్యాల ఏ వారమే?"

"బుధవారం. బహుళ చవితి. నువ్వు పాలు పొయ్యి మీద పెట్టి పదకొండు నిమిషాలైంది."

"అయ్యో, నీ లెక్కలు పాడుగాను!" అంటూ వంటింట్లోకి ఉరికేది.

పోయిన వేసవి చివర ఒక ఫైలు శుభ్రం చేస్తుంటే నాలుగు లైన్లు కంటపడ్డాయి. కంటైనర్‌ను ఆగమని చెప్పాక మా సాఫ్ట్‌వేర్ పది సెకన్లు చూస్తుంది. అప్పటికీ ఆగకపోతే బలవంతంగా చంపేస్తుంది. ఆ నాలుగు లైన్లు చంపే ముందు, లోపలి ప్రోగ్రాము డిస్కులో ఇంకా ఏమైనా రాస్తున్నదా అని చూసి, రాస్తుంటే మరో పది సెకన్లు గడువిస్తాయి. ఎందుకో పక్కన రాయలేదు. ముప్పై ఒక్క ఏళ్లు క్లాసులో నేను చెప్పింది ఒకటే: కారణం రాయని లైను చెత్త. అయినా ఏ లైను ఎవరు రాశారో చూపే చరిత్ర వెతికాను. రెండేళ్ల కిందట ఎవరో ఆ ఫైలును ఒక ఫోల్డరు నుంచి ఇంకో దానికి మార్చారు. దాంతో ప్రతి లైను పక్కనా అతని పేరే ఉంది. అంతకు వెనక్కి పోలేదు. లైన్లు తీసేసి పరీక్షలన్నీ నడిపాను. అన్నీ నెగ్గాయి. అసలులో కలిపేసి, "అనవసరపు ఆలస్యం తొలగించాను" అని నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ రోజంతా తృప్తిగానే ఉన్నాను.

ముప్పై ఎనిమిదో రోజున ఫోన్ వచ్చింది. నా పాత విద్యార్థిని ఒకామె ఇక్కడికి దగ్గర్లోనే ఒక రక్తపరీక్షల కేంద్రంలో కంప్యూటర్లు చూస్తుంది. అడవి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు అక్కడ సికిల్ సెల్ పరీక్షలు చేస్తారు. మా సాఫ్ట్‌వేర్ అక్కడ పెట్టించింది నేనే.

"మేడం, పొద్దుగాల కరెంటు పోయింది. బ్యాటరీ మీద అన్నీ పద్ధతిగనే బంద్ అయినయ్. మళ్ల చాలు చేస్తే పదకొండు మంది రిజల్ట్స్ లేవు."

"శాంపిళ్లు ఉన్నాయా?"

"ఏడియి మేడం? మిషిన్ల పెట్టుడు అయిపోంగనే పారబోసిండ్రు. మనుషులను మళ్ల పిలవాలె. పోయిన వారం కొత్త వెర్షన్ ఎక్కించిన, గంతే. ఇంతకుముందు గిట్లనే పోతుంటే మీరే బాగు చేసిండ్రు గద?"

"నేనా?"

"అవ్ మేడం, మీరే. యాదికి లేదా?"

లేదు. ఫైలు మారకముందున్న చరిత్ర తవ్వాను. ఆ నాలుగు లైన్ల పక్కన ఉన్నది నా పేరే. బీరువాలోంచి ఆ ఏటి నోటుబుక్కు తీశాను. అక్కడా ఉంది: ఇదే అమ్మాయి ఫోన్, ఇదే కరెంటు కోత, పందొమ్మిది మంది రిజల్ట్స్. కింద నేను కనిపెట్టిన కారణం, నేను రాసిన నాలుగు లైన్లు, పొద్దున ఎనిమిది నుంచి చీకటిపడేదాకా నలభై రెండు సార్లు కరెంటు తీసి చేసిన పరీక్ష. అన్నిటికన్నా కింద, "కారణం రేపు పక్కన రాయాలి." అక్షరాలు నావే. ఎవరికో వచ్చిన ఉత్తరం చదువుతున్నట్టు మూడుసార్లు చదివాను. ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"నాతోని గదే స్విచ్చు ఏపిచ్చినవ్," అంది చెల్లెలు. "పొద్దందాక ఏసుడు, తీసుడు. బొటనేలు వాచింది. చింతపండు పట్టు ఏసిన, నువ్వే కట్టినవ్."

"కట్టానా?"

ఆమె నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

నాలుగు లైన్లూ తిరిగి పెట్టాను. ఈసారి కారణం ఏడు లైన్లు రాశాను. జరిగిందంతా మిగతా ఎనిమిది మందికి తెలియజేసి, నా హక్కు తీసేయమని అడిగాను. అందరిలో పెద్దాయన, నేనెన్నడూ చూడని మనిషి, ఇలాంటివి అందరి చేతా జరుగుతాయి, ఇది మామూలే, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుని రండి అన్నాడు. లైన్లు తీయడం మామూలే. నేను పోగొట్టుకున్నది లైన్లు కాదని ఆయనకు ఎలా చెప్పను? మళ్లీ అడిగాను. మూడో రోజు తీసేశారు. తొమ్మిది ఎనిమిదైంది.

పదకొండు మందిలో పదిమంది ఇరవై రోజుల్లో తిరిగి వచ్చి రక్తమిచ్చారు. ఒకామె రాలేదు. మొదటిసారి వాగు దాటి, సగం రోజు నడిచి వచ్చిందట. ఆమె ఇచ్చిన నంబరు పక్కింటివాళ్లది. కూలికి పోయింది, ఎటు పోయిందో తెలియదన్నారు. వారం వారం నేనే ఫోన్ చేస్తున్నాను. ఈ మధ్య వాళ్లు ఎత్తడం మానేశారు. నోటుబుక్కులో ఆ వరస ఖాళీగానే ఉంది.

ఇవాళ పొద్దున చెల్లెలు టీ తెచ్చి నా ముందు నిలబడింది.

"అక్కా, ఇయ్యాల ఏ వారం?"

"శుక్రవారం," అన్నాను.

నేను వారం చెప్పాక ఆమె ఎన్నడూ క్యాలెండరు వైపు తిరిగి చూసేది కాదు. గ్లాసు నా చేతికిచ్చి, గోడ దగ్గరకు పోయి చూసింది.