విమానం లేచినప్పుడు పంచిన మిఠాయి

మేం పనికెళ్లిన గల్ఫ్ దేశానికి యెమెన్‌తో యుద్ధం సాగుతున్న రోజులు. ఖమీస్ ముషైత్ దగ్గర యుద్ధవిమానాల కోసం మేం రన్‌వే వేశాం. తారు గట్టిపడ్డాక దాని మీద నీళ్లు పోసి, గుంటల్లో నిలిచిన చోటల్లా సుద్దతో గీత గీసేవాడు సాలెహ్ అనే యెమెనీ. అక్కడ నేను మళ్లీ తారు వేసేవాణ్ని.

మొదటి విమానం లేవగానే మా కడప మస్తాన్ "మన రోడ్డు మీంద్నే లేచిందప్పా!" అని అరిచాడు. నేను సంబరంగా మైసూర్‌పాక్ పంచాను.

సాలెహ్ తినలేదు. ఏమైందని వచ్చీరాని అరబీలో అడిగాను.

"అది పోయింది మా ఊరి వైపే," అన్నాడు, ముక్కను తిరిగి నా డబ్బాలో పెడుతూ.

ఆ రన్‌వే మీద చుక్క నీరు నిలవకుండా చూసింది అతను. దానికి తీపి పంచిన వెధవను నేను.