ముందు గోడ చూడండి

మా బావ దగ్గరికి ఎవరు ఏ పనిమీద వెళ్లినా ముందు గోడ చూడాలి. బైనాక్యులర్ బాగుచేయించుకోవడానికి వచ్చినవాడైనా, రోడ్లు కొలిచే యంత్రం మోసుకొచ్చిన ఇంజనీరైనా, చివరికి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడైనా సరే. ఇంటి ముందుగదే ఆయన షాపు. అందులో ఒక గోడకి తెల్లసున్నం తప్ప ఇంకేమీ ఉండదు. మేకు లేదు, క్యాలెండరు లేదు, బల్లికి కూడా ప్రవేశం లేదు. వచ్చినవాడి చేతిలో ఒక ఐపీస్, అంటే టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూసే చిన్న గొట్టం, పెట్టి, "ముందు గోడ చూడండి" అంటాడు.

"గోడమీద ఏముంది?"

"ఏం లేదు. అందుకే చూడమంటున్నా."

ఆ ఐపీస్ లోపల రెండు గీతలుంటాయి, ఒకటి అడ్డం, ఒకటి నిలువు. అవి నల్లగా, పదునుగా కనిపించేదాకా పైనున్న రింగు తిప్పాలి. కళ్లు చికిలిస్తే ఒప్పుకోడు, మళ్లీ మొదటికి రావాల్సిందే. "ఎదురుగా చెట్టో మనిషో ఉంటే కన్ను మొహమాటపడి సర్దుకుపోతుంది. సర్దుకుపోయే కన్ను నిజం చెప్పదు" అని ఆయన సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం వల్ల ఎక్కువ నష్టపోయింది మా అక్క. పెళ్లైన కొత్తలో ఆ గోడకి పెళ్లి ఫోటో తగిలిస్తానంది.

"ఒక్క ఫోటోకి గోడ కూలిపోతుందాండీ?"

"కూలదు. చూసేవాడి కన్ను మన మొహాల దగ్గర ఆగిపోతుంది."

"మన మొహాలు అంత బాగుంటాయని ఒప్పుకున్నారు, అదే చాలు" అంది అక్క. పద్దెనిమిదేళ్లయింది. ఫోటో ఇంకా బీరువా వెనకాలే ఉంది.

నేను లేత్ మెషీన్ పనివాణ్ణి. బావకి కావలసిన గొట్టాలు, మరలు నేనే చేసిపెడతాను. అంచేత ఆయన పిచ్చి నాకు మిల్లీమీటర్లతో సహా తెలుసు.

మా లైబ్రరీ మేడం రిటైరయ్యే ముందు ఆ పిచ్చి ముదిరింది. ఆవిడ ముప్పై ఏళ్లుగా వారం వారం పిల్లలకి ఆకాశం గురించిన పుస్తకాలు చదివి వినిపించిన మనిషి. వీడ్కోలుకి గోడగడియారం ఇస్తామని కమిటీ సెక్రటరీ అంటే ఆవిడ వద్దంది.

"డాబామీద మూలపడ్డ టెలిస్కోప్ బాగుచేయించండి. శనిగ్రహం ఉంగరాన్ని నా చేత్తో నేనే వెతికి పట్టుకుంటాను. తాళాలిచ్చేది ఆ తర్వాతే."

"శని మనుషుల్ని పట్టుకోవడం విన్నాను గానీ, మనిషే వెతుక్కుంటూ వెళ్లి పట్టుకోవడం ఇదే వినడం" అన్నాడు సెక్రటరీ. అన్నా, పని బావకి అప్పజెప్పాడు. గడువు మూడు వారాలు.

పెద్ద టెలిస్కోప్‌లో కనిపించే ఆకాశం గోరంత. అందులో గ్రహాన్ని నేరుగా వెతకడం గడ్డివాములో సూదిని వెతకడమే. అందుకని పక్కన ఫైండర్ అని ఓ చిన్న టెలిస్కోప్ బిగిస్తారు. దాని గీతలు కలిసేచోటికి గ్రహాన్ని తెస్తే, పెద్దదాంట్లో అదే వచ్చి కూర్చుంటుంది. మా ఫైండర్‌కి ఉన్న గీతల ఐపీస్ పగిలిపోయింది. కొత్తది ఎంచి బిగించాలి. నా లెక్కన అది అరపూట పని.

మొదటి ఐపీస్ వచ్చింది. బావ దాన్ని జేబులో వేసుకుని బయటికెళ్లి గంట తర్వాత తిరిగొచ్చాడు. "గీత మరీ సన్నం. మసక వెలుతురులో కనబడదు" అని వెనక్కి పంపేశాడు.

"ఎక్కడికెళ్లావు బావా?"

"గోడ చూడ్డానికి."

"ఇంట్లో గోడ ఉందిగా?"

"అది వేరే గోడ."

రెండోది తెచ్చారు. మళ్లీ జేబు, మళ్లీ గంట. "గీత లావు. గ్రహాన్నే మింగేస్తుంది." మూడోదాంట్లో జంట గీతలు, మధ్యలో ముద్దొచ్చే చిన్న గడి. నాకు తెగ నచ్చింది. అదీ పోయింది. "గడి బాగుంది గానీ కన్ను అద్దానికి అంటించాలి. కుదరదు."

"నాకు కుదిరింది కదా బావా."

"నీకు కుదిరితే సరిపోతుందా?"

అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఒరేయ్, మీ బావకి బయట ఇంకో గోడ ఉందిరా. నీట్‌గా గడ్డం గీసుకుని మరీ వెళ్తున్నారు. నా గోళ్లరంగు సీసా కూడా కనబడట్లేదు."

సెక్రటరీ రోజూ ఫోన్ చేసేవాడు. "మాస్టారూ, ఐపీస్ ఎంచుతున్నారా, అల్లుణ్ణి ఎంచుతున్నారా?"

"అల్లుడైతే కాస్త సర్దుకుపోతాడండీ" అని బావ ఫోన్ పెట్టేసేవాడు.

నాలుగు రోజులు మిగిలాయనగా నాలుగోది వచ్చింది. జంట గీతలే, అద్దం మాత్రం రూపాయి బిళ్లంత వెడల్పు. కన్ను రెండు వేళ్ల దూరంలో పెట్టినా మొత్తం కనిపిస్తుంది. బావ దాన్ని వేరే గోడకి తీసుకెళ్లి కూనిరాగం తీస్తూ వచ్చాడు. "ఇదే."

ఇక ఆలస్యం కాకూడదని ఆయన లేనప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. తెల్లగోడ చూసి, గీతలు పదునుగా వచ్చేదాకా రింగు తిప్పి, అది మళ్లీ కదలకుండా బెజ్జం వేసి, బియ్యపుగింజంత స్క్రూ చేసి బిగించేశాను. బావ వచ్చి చాలాసేపు చూశాడు.

"స్క్రూ ఎవరు చేశారు?"

"నేనే."

"మర బాగా కోశావు."

నా ఛాతీ ఉబ్బింది.

"తీసెయ్."

"ఎందుకు బావా? గీతలు కత్తిలా ఉన్నాయి."

"నీకు. నీ కొలతకి కుట్టిన చొక్కా ఊరందరికీ తొడుగుతావా?"

మర్నాడు పట్టపగలు లైబ్రరీ డాబా ఎక్కాం. దూరంగా నీళ్లట్యాంకు మీదున్న ఇనపకడ్డీ వైపు ఫైండర్ తిప్పి, దాని అవతలి కొసనున్న అద్దాన్ని మరమీద కొంచెం కొంచెంగా జరిపాడు. కడ్డీ, గీతలు ఒకే చోట అతుక్కున్నట్టు కనబడాలి. ఆ పరీక్షకి తల అటూ ఇటూ ఊపుతూ చూడాలి. కడ్డీమీద గీత కదిలితే తప్పు.

"కదిలిందా?"

"వెంట్రుకంత."

"వెంట్రుకంత కూడా కదలకూడదు. ఊపు."

నలభైసార్లు ఊపాను. కింద రోడ్డుమీద నుంచి చూసినవాళ్లు, ఈయన ఏదో బతిమాలుతుంటే నేను ఒప్పుకోవడం లేదనుకుని ఉంటారు. చివరికి గీత కదల్లేదు. అప్పుడు పెద్ద టెలిస్కోప్‌ని కూడా అదే కడ్డీ కొసకి కలిపి దిగొచ్చాం.

వీడ్కోలు సాయంత్రం, ఆకాశం ఇంకా తెల్లగా ఉండగానే డాబా నిండిపోయింది. అక్క ఫైండర్ దగ్గరికి వంగి చూసి నా చెయ్యి గిల్లింది. రింగుమీద ఎర్రటి చుక్క. "ఇది నా గోళ్లరంగురా."

చీకటి పడుతుండగా మేడం ముందుకొచ్చింది. ఆవిడవి సీసా అడుగులంత మందం కళ్లజోడు. అలవాటుగా చెయ్యి దాన్ని తీయబోయింది.

"తీయకండి మేడం. రింగు మీ చుక్క దగ్గర పెట్టి ఉంచాను" అన్నాడు బావ మెల్లిగా.

ఆవిడ కళ్లజోడుతోనే వంగింది. మరలు ఆవిడే తిప్పుతోంది. "వస్తోంది... పోయింది... ఆగు, ఎక్కడికి పోతావు... ఆఁ, గడిలో కూర్చుంది." పెద్ద టెలిస్కోప్‌కి మారింది. దానికీ బావ అలాంటి వెడల్పు అద్దమే పెట్టాడు. ఆవిడ చాలాసేపు లేవలేదు.

"పుస్తకంలో బొమ్మకంటే చిన్నగా ఉంది" అంది చివరికి. "కానీ నిజంగానే ఉంగరం ఉంది. ఇవాళే మొదటిసారి చూడడం."

"అదేంటి మేడం? పోయినేడు మైదానంలో ఎవరో టెలిస్కోప్ పెట్టి శనిని చూపించినప్పుడు బ్రహ్మాండం అన్నారుగా?" అన్నాడు సెక్రటరీ.

ఆవిడ బావ వైపు చూసి నవ్వింది. బావ శుభ్రంగా ఉన్న అద్దాన్ని మళ్లీ తుడవడం మొదలెట్టాడు.

పక్కకి లాక్కెళ్లి అడిగితే అప్పుడు చెప్పాడు. పోయినేడు వరసలో ఆవిడ వెనకే నిలబడ్డాడట. ఆవిడ చూసి "బ్రహ్మాండం" అని తప్పుకుంది. బావ వంగి చూస్తే లోపల ఏమీ లేదు. భూమి తిరుగుతుంటే గ్రహం ఎప్పుడో పక్కకి జారిపోయింది. తన కళ్లకే చూసే రాత లేదనుకుని ఆవిడ ఊరుకుంది.

"మరి నువ్వేమన్నావు బావా?"

"నేనూ బ్రహ్మాండమే అన్నా."

వేరే గోడ అంటే లైబ్రరీ గోడ. పొద్దున్నే ఎవరూ రాకముందు ఒక్కో ఐపీస్ ఆవిడకిచ్చి చూపించేవాడట. కుదరనప్పుడల్లా "మీ కన్ను భేషుగ్గా ఉంది మేడం, తప్పు దీనిది" అని వెనక్కి పంపేవాడు.

"ఆ మాట సెక్రటరీకి చెబితే పోయేదిగా?"

"చెబితే ఆవిడ కళ్ల సంగతి కూడా చెప్పాలి. నన్ను పిచ్చోడంటే నాకేం నష్టం?"

ఇంతలో సెక్రటరీ ఫైండర్ మీదికి వంగాడు. "ఏంటి మాస్టారూ, మూడు వారాలు తిని గీతలు మసగ్గా పెట్టారు?"

బావ నోరు తెరవబోయాడు. అంతకంటే ముందే మేడం ఐపీస్ ఊడదీసి సెక్రటరీ చేతిలో పెట్టి, లైటు వెలుగుతున్న మెట్లగది వైపు తాళాలగుత్తితో చూపించింది.

"సెక్రటరీ గారూ, ముందు గోడ చూడండి."

ఇప్పుడు ఆ రింగుమీద పదకొండు చుక్కలున్నాయి, ఒక్కొక్కరి కంటికి ఒక్కోటి. అక్క ఆ సీసామీద ఆశ వదులుకుంది. నా స్క్రూ కోసం వేసిన బెజ్జం మాత్రం అలాగే ఉంది. పూడ్చేస్తానంటే బావ ఒప్పుకోలేదు.

"మర బాగా కోశావు. ఉండనీ" అన్నాడు.