బొమ్మలో లేని చేను

వారమంతా తుర్కపల్లిలోని ఒక ల్యాబులో తెల్లగోడల మధ్య పనిచేస్తాను. ఆదివారం వచ్చిందంటే రంగులు సర్దుకుని శామీర్‌పేట అవతలి గుట్టలకు బండి తీస్తాను. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడ్డ ఆ బండలంటే నాకు పిచ్చి. వాటి ముందు నా ఉద్యోగమూ నా కోపమూ చిన్నవైపోతాయి. ఎండకు మాడి మసైపోతావు, రాళ్లు ఎక్కడికైనా పోతాయా అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. క్రషర్లున్న ఊళ్లలో రాళ్లూ పోతాయి, ఆమెకు తెలియక కాదు.

మొన్న ఎండాకాలం మూడు కాళ్ల స్టాండు మీద కాన్వాసు నిలబెట్టి, ఒక కన్ను మూసి, బ్రష్షు చాచి గుట్ట ఎత్తు కొలుచుకుంటున్నాను. గుట్ట కింద పాలకూర కోస్తున్న అవ్వ కొడవలితోనే నా దగ్గరికి వచ్చింది. రోడ్డు ఎటు నుంచి పోతుందని అడిగింది. మేడ్చల్ వైపు చెయ్యి చూపించాను. అది కాదట, కొత్తగా వేసే రోడ్డట. మూడు కాళ్ల స్టాండు పెట్టి ఒంటికన్నుతో చూసేవాడు ఈ చుట్టుపక్కల ఎవరికైనా సర్వేవాడే. అలాంటివాళ్లు వచ్చిపోయాకే పక్కవాళ్ల పొలం రోడ్డులో పోయిందట. ఈమెకున్నదల్లా ఆ అరెకరం.

బొమ్మలేసుకునేవాణ్ణని చెప్పాను. రాళ్లు చూడ్డానికి పెట్రోలు పోసుకుని ఎవడొస్తాడంది. అవతల వెలుగు మారిపోతోంది, నాకు చిర్రెత్తింది. నువ్వే చూసుకో అవ్వా అంటూ కాన్వాసు ఆమె వైపు తిప్పాను. కాస్త మెచ్చుకుంటుందన్న ఆశా లేకపోలేదు. బండల్ని ఆకాశానికి తగిలేలా వేశాను మరి. మనిషి జాడ కనబడితే గుట్ట ఠీవి తగ్గుతుందని, కింద ఎండుగడ్డీ తుప్పలే పెట్టాను.

ఆమె బండల్ని చూడనే లేదు. కాన్వాసు కింది అంచంతా వెతికింది.

"నా చేను ఏది సారూ?" అంది. "అప్పుడే తీసేసిన్రా?"

ఇది సర్వే నక్ష కాదని, ఉత్త బొమ్మని ఎంత చెప్పినా చెవికెక్కలేదు.

"గంత దూరం గుట్ట కనవడ్డది, ముందుగల్ల చేను కనవడలేదా?"

పచ్చరంగు కలిపి తుప్పల మీద మడి వేశాను. చేని గెట్టు ఇంకొంచెం అవతలికంది, జరిపాను. బోరు పెట్టమంది, పెట్టాను. గుట్ట ఠీవి సగం దిగిపోయింది. నాకు కడుపు మండింది.

అయిపోయింది, ఇక వెళ్లమన్నాను. వెళ్లలేదు. నేనెక్కడ తుడిచేస్తానోనని, రంగు ఆరేదాకా ఆ ఎండలోనే కూర్చుంది.